నూనె కాగితం నుంచి ఉపగ్రహం దాకా – అడవి పటం మీద మన అడుగుల గీత



వార్షికోత్సవ సంచికకు నాలుగు ముక్కలు రాయమని వార్డెన్ సారు కబురు చేసినప్పుడు, మాకు మొదట గుర్తొచ్చింది సోషల్ పరీక్ష ముందురోజు రాత్రి. అట్లాసు ఒక్కటే, మేము ఇరవై మందిమి. తెల్లకాగితానికి కొబ్బరినూనె రాసి, భారతదేశ పటం మీద పరిచి పెన్సిలుతో గీసుకునేవాళ్లం. కాగితం కొంచెం జరిగితే కన్యాకుమారి పోయి సముద్రంలో పడేది. ఒక వేలితో నొక్కిపడితే కాగితం గిర్రున తిరిగేది. రెండు వేళ్లు దూరదూరంగా పెట్టి నొక్కితే ఇక కదిలేది కాదు.

ఆ రెండు వేళ్ల సంగతి పూర్తిగా అర్థం కావడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది. ఈ హాస్టల్లో పక్కపక్క ట్రంకుపెట్టెలతో పెరిగిన మేమిద్దరం పైచదువుకు స్వీడన్ వెళ్లాక, అక్కడి అడవిలో, ఒక పెద్దాయన ముందు తలవంచుకుని నేర్చుకున్నాం. అదే ఈ వ్యాసంలో మీకు తెలియజేయడానికి ప్రయత్నిస్తాం.

ఓరియెంటీరింగ్ అంటే ఏమిటి?

చేతిలో పటం, దిక్సూచి పట్టుకుని, తెలియని అడవిలో గుర్తుపెట్టిన చోట్లను వరుసగా వెతుక్కుంటూ పరుగెత్తే ఆట ఇది. ఆ చోట్లను కంట్రోళ్లు అంటారు. ఒక్కొక్కచోట నారింజ, తెలుపు రంగుల చిన్న జెండా వేలాడుతుంది. ఒక కంట్రోలు నుంచి ఇంకో కంట్రోలుకు ఏ దారిన పోవాలో ఎవరూ చెప్పరు. కాళ్లతోపాటు బుర్ర కూడా పరుగెత్తాలి.

ఈ ఆట మొదట సైన్యంలో శిక్షణగా పుట్టింది. ఎర్నెస్ట్ కిలాండర్ అనే స్వీడన్ సైనికాధికారి దీన్ని సామాన్య యువకుల దగ్గరకు తెచ్చాడు. 1919 మార్చిలో స్టాక్‌హోం దగ్గర నాకా అడవుల్లో ఆయన పెట్టిన పోటీకి రెండు వందల మందికి పైగా వచ్చారు. 1961లో పది దేశాలు కలిసి కోపెన్‌హాగన్‌లో అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించాయి.

ఈ ఆట పటం మన పాఠ్యపుస్తకంలోని పటం లాంటిది కాదు. స్కేలు సాధారణంగా 1:15,000 లేదా 1:10,000 ఉంటుంది. రెండో స్కేలులో పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద నూరు మీటర్లు. తెలుపు రంగు అంటే పరుగెత్తగల అడవి, పసుపు అంటే బయలు నేల, ఆకుపచ్చ ముదిరేకొద్దీ దూరలేని పొద, నీలం నీళ్లు, గోధుమరంగు గీతలు ఎత్తుపల్లాలు. పెద్ద బండరాయిని కూడా వదలరు.

ఆ దేశంలో ఇంకొక విశేషం ఉంది. ఇళ్ల ఆవరణ, పంట చేను తప్పించి, ఎవరి అడవిలోనైనా ఎవరైనా నడవవచ్చు. అది అక్కడ అందరి హక్కు. ఎవరిదో పొలం గట్టు మీద నడిచినందుకు చిన్నప్పుడు మాటలు పడ్డ మాకు, మొదటిరోజు ఆ అడవిలో అడుగుపెట్టడానికి కాళ్లాడలేదు.

ఉపగ్రహం చెప్పేది ఎంతవరకు నిజం?

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. మన చేతి గడియారంలోని రిసీవర్, కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు ఎంత సమయంలో చేరాయో లెక్కగట్టి, మనం ఎక్కడున్నామో చెబుతుంది. సంకేతం కాంతివేగంతో వస్తుంది కాబట్టి, సెకనులో పదిలక్షలో వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్లు తప్పుతుంది.

2000వ సంవత్సరం మే నెల వరకు అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే సంకేతంలో కావాలని తప్పు కలిపేది. అది ఆపేశాకే ఇలాంటి ఆటలకు జీపీఎస్ పనికొచ్చింది. ఇప్పుడు బయలు ప్రదేశంలో కొద్ది మీటర్ల తేడాతో చెబుతుంది. దట్టమైన చెట్ల కింద, కొండచరియ పక్కన ఆ తేడా పది మీటర్లు దాటవచ్చు.

గడియారం సెకనుకో చుక్క చొప్పున అక్షాంశం, రేఖాంశం, సమయం రాసిపెట్టుకుంటుంది. ఈ చుక్కల వరుసనే ట్రాక్ అంటారు. దాన్ని జీపీఎక్స్ అనే ఫైలుగా కంప్యూటర్లోకి తీసుకోవచ్చు. పరుగులో దాన్ని చూసి దారి వెతకడం ఆటకే విరుద్ధం. పరుగు అయ్యాక ఆ ట్రాక్‌ను స్కాన్ చేసిన పటం మీద అతికిస్తే, ఎక్కడ సరిగా పోయామో, ఎక్కడ నిలబడి తల గోక్కున్నామో కనబడుతుంది.

మాకు జరిగిన పరాభవం

ఒక సాయంత్రం శిక్షణ పరుగులో మాలో ఒకడు ఏడో కంట్రోలు దగ్గర తొమ్మిది నిమిషాలు పోగొట్టుకున్నాడు. మోకాళ్ల దాకా బురదతో వచ్చి, "పటంలో పొడినేల అని ఉన్నచోట చిత్తడి ఉంది. పటమే తప్పు" అన్నాడు. పటం గీసిన పెద్దాయన అక్కడే ఉన్నాడు. రిటైరైన బడిపంతులు. ఒక చదరపు కిలోమీటరు గీయాలంటే ఇరవై ముప్పై గంటలు అడవిలో తిరగాలని చెప్పేవాడు. ఆ దేశంలో అందరూ పేరు పెట్టే పిలుచుకుంటారు గాని, మాకు నోరు రాక ఆయన్ని సార్ అనే పిలిచేవాళ్లం. ఆయన ఏమీ అనలేదు.

పటం తప్పని నమ్మడానికి మాకు వేరే కారణం కూడా ఉంది. మా ఊళ్లో తాతల పేర పట్టా ఉండేది. అందులో ఉన్న భూమి నేల మీద ఎక్కడుందో చూపించే నాథుడు లేడు. కాగితం అబద్ధం చెబుతుంది, కాళ్లు నిజం చెబుతాయి – ఇది మేము పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేర్చుకున్న పాఠం.

ఆ రాత్రి పటం స్కాన్ చేసి ట్రాక్ అతికించాం. పరుగు మొదలైన చోటు, ముగిసిన చోటు ఆధారబిందువులుగా పెట్టాం. ఏడో కంట్రోలు దగ్గర గీత పొడినేల మీదుగానే పోయింది! అక్కడే కాళ్లు తడిశాయి కాబట్టి పటం తప్పని రుజువైపోయింది. ప్రింటు తీసి మర్నాడు సంబరంగా ఆయన ముందు పెట్టాం.

ఆయన కళ్లజోడు సవరించుకుని రెండే ప్రశ్నలు వేశాడు. "ఏయే బిందువులతో అతికించారు? మిగతా కంట్రోళ్ల దగ్గర మీ గీత వలయాల్లోంచి పోయిందా?"

అప్పుడు చూశాం. నాలుగో కంట్రోలు వలయానికి గీత తగల్లేదు. ఐదు, ఆరు ఇంకా దూరం. కాని అక్కడి జెండాలను మావాడు చేత్తో ముట్టుకుని వచ్చాడు! మేము గెలవాలనుకున్న ఒక్క చోటు తప్ప పటంలో ఇంకెక్కడా చూడలేదు.

తప్పు ఎక్కడ జరిగింది?

ట్రాక్‌ను పటం మీద కూర్చోబెట్టడమంటే నాలుగు సంగతులు తేల్చడం: పక్కకు ఎంత జరపాలి, పైకి ఎంత జరపాలి, ఎంత తిప్పాలి, ఎంత పెంచాలి లేక తగ్గించాలి. అంటే నాలుగు అవ్యక్తరాశులు. ఒక్కొక్క ఆధారబిందువు రెండు సమీకరణాలు ఇస్తుంది. రెండు బిందువులు పెడితే నాలుగు సమీకరణాలు, లెక్క సరిగ్గా సరిపోతుంది. సరిపోవడమే ఇక్కడ ప్రమాదం. ఆ రెండు చోట్లా కంప్యూటరు తప్పు సున్నా అని చూపిస్తుంది. మనం మురిసిపోతాం.

మా రెండు బిందువుల మధ్య దూరం 200 మీటర్లే. అక్కడ జీపీఎస్ అడ్డంగా పది మీటర్లు తప్పితే, 200కు 10, అంటే ఇరవయ్యో వంతు వాలు. కోణంలో దాదాపు 3 డిగ్రీలు. ఏడో కంట్రోలు ఉన్నది 1500 మీటర్ల దూరాన. అందులో ఇరవయ్యో వంతు 75 మీటర్లు! పటం మీద ఏడున్నర మిల్లీమీటర్లు. చిత్తడిని పొడినేలగా మార్చడానికి అంత చాలు. నూనె కాగితాన్ని రెండు వేళ్లతో నొక్కాం గాని, రెండు వేళ్లూ ఒకే మూలన పెట్టాం.

సరైన పద్ధతి

1. పటాన్ని మడతలు లేకుండా బల్లపరుపుగా స్కాన్ చేయాలి. 300 డీపీఐ చాలు. 1:10,000 పటంలో ఒక పిక్సెల్ నేల మీద సుమారు 85 సెంటీమీటర్లు అవుతుంది. జీపీఎస్ తప్పే అంతకన్నా ఎక్కువ కాబట్టి ఇంకా పెంచి లాభం లేదు. ఫోనుతో ఫొటో తీస్తే పటం ఒక పక్క కుంచించుకుపోతుంది. దాన్ని సరిచేయడానికి ఎనిమిది అవ్యక్తరాశులు, అంటే కనీసం నాలుగు బిందువులు కావాలి.

2. పరుగుకు ముందు గడియారాన్ని ఆరుబయట రెండు మూడు నిమిషాలు ఉంచాలి. ఉపగ్రహాలు దొరికాకే బయలుదేరాలి.

3. డిగ్రీలను మీటర్లలోకి మార్చాలి. అక్షాంశం ఒక డిగ్రీ ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశం అలా కాదు, 111ని అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. హైదరాబాదు దగ్గర సుమారు 106 కిలోమీటర్లు వస్తే, స్టాక్‌హోం దగ్గర 57 మాత్రమే. టెన్త్‌లో త్రికోణమితి ఎందుకని అడిగేవాళ్లకు ఇది జవాబు.

4. ఈ పటాల మీది ఉత్తరం గీతలు దిక్సూచి చూపే ఉత్తరం, ధ్రువం వైపు ఉన్న ఉత్తరం కాదు. స్వీడన్‌లో రెంటికీ కొన్ని డిగ్రీల తేడా ఉంది. 6 డిగ్రీలు పట్టించుకోకపోతే కిలోమీటరు దూరాన నూరు మీటర్లు తప్పుతాం.

5. ఆధారబిందువులు పటం నాలుగు మూలలకూ దూరదూరంగా ఉండాలి. బాటల కూడలి, గోడ మూల, వంతెన, ఆగి ముట్టుకున్న కంట్రోలు మంచివి. చెరువు గట్టు వంపు లాంటివి పనికిరావు.

6. ఐదారు బిందువులు పెట్టి, అన్నిచోట్లా కలిపి తప్పు అతి తక్కువగా వచ్చేలా కంప్యూటరు చేత లెక్క వేయించాలి. దీన్ని కనిష్ఠ వర్గాల పద్ధతి అంటారు.

7. ఒక బిందువును లెక్కలో చేర్చకుండా పక్కన పెట్టాలి. చివర గీత దాని దగ్గరకు వచ్చిందో లేదో చూడాలి. ఈ పరీక్ష లేనిదే ఫలితాన్ని నమ్మకూడదు.

ఈ పనికి స్వీడన్‌లో తయారైన క్విక్‌రూట్, అన్ని రకాల పటాలకూ పనికొచ్చే క్యూజీఐఎస్ ఉన్నాయి. రెండూ ఉచితమే. క్విక్‌రూట్ అయితే మన వేగాన్ని బట్టి గీత రంగు మార్చి చూపిస్తుంది.

ఆ పెద్దాయన పక్కన కూర్చుని మళ్లీ అతికించాం. ఐదు బిందువులు లెక్కలో, ఒకటి పరీక్షకు. పరీక్ష బిందువు దగ్గర నాలుగు మీటర్ల తేడా వచ్చింది. గీత ఈసారి తిన్నగా చిత్తడి మధ్యలోంచి పోయింది. పటంలో చిత్తడి ఉన్నచోటే ఉంది. మావాడు కూడలి దగ్గర ఒక బాట ముందే తిరిగాడు, అంతే. ఆయనకు క్షమాపణ చెప్పాం. "మీ కాళ్లు అబద్ధం చెప్పలేదు, అతికించడమే తప్పింది" అని నవ్వాడు.

మన దగ్గర ఇది ఎందుకు పనికొస్తుంది?

సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు ఎవరెస్ట్ గోళాభం అనే కొలత మీద గీసినవి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84. ఈ తేడా సవరించకుండా అతికిస్తే మన ప్రాంతంలో వంద మీటర్లకు మించి తప్పుతుంది. అంటే ఒకరి చేను ఇంకొకరి చేనులో కనబడుతుంది.

అందుకే ఒక హెచ్చరిక. ఫోను జీపీఎస్ పట్టుకుని పొలం హద్దుల మీద తగాదాకు పోకండి. ఐదు మీటర్ల తప్పున్న పరికరం గట్టు తగాదా తీర్చలేదు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో సెంటీమీటర్ల వరకు చెప్పగల రోవర్లు, వాటికి ఆధారంగా స్థిర కేంద్రాలు వాడారు. కాని సర్వేయరు గారు పటం తెచ్చినప్పుడు "ఏయే రాళ్ల దగ్గర్నుంచి కొలిచారు సార్? పరీక్షకు ఏ రాయి చూశారు?" అని వినయంగా అడగడం మీకు తెలిసి ఉండాలి. ఆ రెండు ప్రశ్నలు మా తాతకు తెలియవు. మీకు తెలియాలి.

మీరు చేయవలసిన అభ్యాసం

హాస్టలు నుంచి బడి దాకా, చుట్టుపక్కల వీధులతో కలిపి 1:5,000 స్కేలులో ఒక పటం గీయండి. ఒక సెంటీమీటరుకు యాభై మీటర్లు. అడుగులు లెక్కపెట్టి కొలిస్తే చాలు. తర్వాత సీనియర్ల ఫోనుతో ఆ దారంతా నడిచి ట్రాక్ తీసుకుని, పటం మీద అతికించండి. మొదట పక్కపక్కనున్న రెండు బిందువులతో, తర్వాత దూరంగా ఉన్న ఐదింటితో. తేడా మీ కళ్లకే కనబడుతుంది. ఒంటరిగా పోవద్దు, వార్డెన్ సారుకు చెప్పి వెళ్లండి.

పటానికీ నేలకూ తేడా వచ్చినప్పుడు తప్పు మూడు చోట్ల ఉండవచ్చు: పటంలో, మన కాళ్లలో, లేదా రెంటినీ అతికించిన మన చేతుల్లో. చివరిదాన్ని ముందు వెతకడం అలవాటు చేసుకోండి. అప్పుడు పటం నిజంగా తప్పయిన రోజున మీ మాటకు బలం ఉంటుంది, ఎంతటివారైనా వినక తప్పదు.

మీ శ్రేయస్సు కోరే,
ఈ హాస్టల్ పూర్వ విద్యార్థులం ఇద్దరం.