చుక్కలో ప్రోటీను ఎంత?

గొర్రె ఉన్నితో నేసిన కంబళిని మీరు చూసే ఉంటారు. ఉన్ని కూడా ప్రోటీనే, అంటే మాంసకృత్తే. ఉన్నికి అద్దే ఒక రంగు ఈనాడు ప్రయోగశాలలో కొలత సాధనమైంది. ఎలాగో చూద్దాం.

మూత్రపిండాలు రక్తాన్ని వడపోస్తాయి. అవి ఆరోగ్యంగా ఉంటే రోజంతటి మూత్రంలో పోయే ప్రోటీను సాధారణంగా 150 మిల్లీగ్రాములకు మించదు. బాగా పెరిగితే, మూత్రాన్ని కాచినప్పుడు తెల్లగా విరుగుతుంది. కొద్దిగానే పెరిగితే కంటికి ఏమీ కనిపించదు. తూచుదామంటే అందులో యూరియా, లవణాలు కూడా కలిసి ఉంటాయి. మరెలా?

1976లో అమెరికా శాస్త్రజ్ఞుడు మారియన్ బ్రాడ్‌ఫర్డ్ ఒక పద్ధతి ప్రకటించారు. ఉన్నికి వాడే కూమాసీ నీలిరంగు ఆమ్ల ద్రావణంలో గోధుమరంగుగా ఉంటుంది. ప్రోటీను తగలగానే నీలంగా మారుతుంది. ప్రోటీను పెరిగేకొద్దీ నీలం చిక్కనవుతుంది. కొన్ని మైక్రోగ్రాములున్నా చాలు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షలవ వంతు! ప్రోటీను ఎంతున్నదో ముందే తెలిసిన ద్రావణాల నీలంతో, తెలియని ద్రావణపు నీలాన్ని వర్ణమాపకం పోల్చి చూపుతుంది.

ఇటువంటి కొలతల్లో మన తెలుగువారికీ పాలున్నది. 1925లో హార్వర్డ్‌లో యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కే కలిసి రక్తం, మూత్రాలలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. అక్కడా ఆధారం నీలిరంగే.

ఆస్పత్రులలో ఆల్బుమిన్ అనే ప్రోటీనును ప్రత్యేకంగా కొలుస్తారు. అయితే కర్నూలు, కడప ఎండల్లో ఒక చిక్కున్నది. నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడుతుంది. ఎక్కువ తాగితే పలచబడుతుంది. అందుకే ఆల్బుమిన్‌ను క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థంతో పోలుస్తారు. ఒక మనిషి శరీరం నుంచి ఇది రోజూ దాదాపు ఒకే మోతాదులో బయటికి పోతుంది.

ఒక లెక్క చేయండి. ఎండలో పొలంపని చేసివచ్చిన రామయ్య మూత్రంలో లీటరుకు 40 మిల్లీగ్రాముల ఆల్బుమిన్, 2 గ్రాముల క్రియాటినిన్ ఉన్నాయనుకొందాం. చెంబెడు నీళ్లు తాగివచ్చిన సోమయ్య మూత్రంలో 20 మిల్లీగ్రాములు, అర గ్రాము ఉన్నాయి. ఎవరి గురించి జాగ్రత్తపడాలి?

రామయ్య అనుకొన్నారా? భాగించి చూడండి. గ్రాము క్రియాటినిన్‌కు రామయ్యకు 20, సోమయ్యకు 40 మిల్లీగ్రాములు వచ్చాయి. 30 దాటితే వైద్యులు మళ్లీ పరీక్షిస్తారు. మధుమేహం మూత్రపిండాలను దెబ్బతీస్తున్న సంగతి ఇలా ముందే తెలిస్తే, చికిత్సతో ఆ నష్టాన్ని నెమ్మదింపజేయవచ్చు. మీ ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలుంటే, ఏడాదికొకసారి ఈ పరీక్ష చేయించుకొన్నారో లేదో అడగండి.