దసరా సెలవుల్లో ఒక పాఠం: పిట్టల్ని చూడటం, లెక్క రాయడం



పరీక్షలు అయిపోగానే దసరా సెలవులు. సెలవులకు హోమ్‌వర్క్ ఎలాగూ ఉంటుంది. దాంతోపాటు పొద్దున్నే పదిహేను నిమిషాలు పట్టే పని ఒకటి ఈ నెల చెబుతున్నాం. దీనికి మార్కులు లేవు, ర్యాంకు లేదు. పిల్లలు ఒక్కరే చేసేది కూడా కాదు, మీరూ వెంట ఉండాలి.

దసరా నాడు పాలపిట్ట కనిపిస్తే మంచిదని మనవాళ్ళ నమ్మకం. జమ్మిచెట్టు దగ్గరికి వెళ్తూ పొలాల వైపు చూసుకుంటూ నడిచిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2018 వరకు మన రాష్ట్ర పక్షి కూడా అదే. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ రామచిలుకను రాష్ట్ర పక్షిగా చేసుకుంది, తెలంగాణ పాలపిట్టనే ఉంచుకుంది. మీరు ఆఖరిసారి పాలపిట్టను ఎప్పుడు, ఎక్కడ చూశారు? చాలామంది ‘ఎప్పుడో చూశాం’ అంటారు. మన పాఠం అక్కడే మొదలవుతుంది.

దేశంలో పక్షుల పరిస్థితి మీద 2023లో ఒక పెద్ద నివేదిక వచ్చింది. దాని పేరు ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’. అందులో 942 జాతులను పరిశీలించారు. వాటిలో 178 జాతుల మీద వెంటనే శ్రద్ధ పెట్టాలని తేల్చారు. తగ్గుతున్న పక్షుల్లో పాలపిట్ట ఉంది. మామూలుగా కనిపించే పిట్టే కదా అని ఊరుకోకుండా, దాని పరిస్థితిని మళ్ళీ అంచనా వేయాలని ఆ నివేదిక కోరింది. నెమళ్ళు మాత్రం పెరిగాయట. ఈ సంగతులు ఎలా తెలిశాయనేది తల్లిదండ్రులు గమనించాల్సిన విషయం. ముప్పై వేల మందికి పైగా పక్షి పరిశీలకులు ‘ఈబర్డ్’ అనే ఉచిత వేదికలో నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనలే ఈ లెక్కలకు ఆధారం. వాళ్ళలో ఉద్యోగులు, రిటైరైనవాళ్ళు, గృహిణులు, బడి పిల్లలు ఉంటారు.

ఇలాంటివాళ్ళు కలిసి నడిచే పద్ధతి మన తెలుగునాట కొత్తదేమీ కాదు. 1980లో హైదరాబాద్‌లో ‘బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ మొదలైంది. ఇప్పుడు ‘డెక్కన్ బర్డర్స్’ పేరుతో నడుస్తోంది. వాళ్ళు చేసే పని చాలా సాదాగా ఉంటుంది. చెరువుకో అడవి అంచుకో పొద్దున్నే కలిసి వెళ్ళి చూసిన పిట్టలన్నీ రాసుకుంటారు, తెలిసినవాళ్ళ చేత ప్రసంగాలు పెట్టిస్తారు. వాళ్ళ పత్రిక పేరు ‘పిట్ట’. ఆ పేరు వెనక ఒక ముచ్చట ఉంది. ప్రపంచమంతా శాస్త్రవేత్తలు ఒక పక్షుల కుటుంబాన్ని ‘పిట్టా’ అని పిలుస్తారు. ఆ మాట మన తెలుగు నుంచి వెళ్ళిందే. ఒంటి మీద ఎన్నో రంగులున్న పొన్నంగి పిట్ట ఆ కుటుంబానిదే. చలికాలానికి అది ఉత్తరాది నుంచి దక్షిణాదికి దిగివస్తుంది. పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి. మన మాట సైన్స్ పుస్తకంలో ఉందంటే వాళ్ళ ముఖం వెలుగుతుంది.

హైదరాబాద్ దాకా ఎందుకు, మన వీధిలో నాలుగు కుటుంబాలు కలిస్తే చాలు. నెలకో ఆదివారం పొద్దున ఆరింటికి బయలుదేరి ఎనిమిదింటికి ఇంటికి వచ్చేయవచ్చు. ఎండ ముదిరితే పిట్టలూ కనిపించవు, పిల్లలూ నడవరు. ముదురు ఎరుపు, తెలుపు బట్టలు వద్దు. ఫోన్ సైలెంట్‌లో ఉండాలి. బైనాక్యులర్ ఉంటే మంచిదే, కానీ కొత్తలో అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, పెన్సిల్ చాలు.

ఇక గుర్తుపట్టడం. పిల్లలు ముందుగా రంగు చెబుతారు. రంగు మోసం చేస్తుంది, కాబట్టి సైజు అడగండి. పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? ఆ తర్వాత ముక్కు ఎలా ఉంది, ఏం చేస్తోంది, ఎక్కడ కూర్చుంది అని అడగండి. పాలపిట్టనే తీసుకోండి. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు అది గోధుమరంగులో మామూలుగా ఉంటుంది, చూపు ఆనదు. ఎగిరిందంటే రెక్కల్లో రెండు రకాల నీలం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. కాలువ గట్టున కనిపించే లకుముకి పిట్టకూ నీలం రెక్కలుంటాయి. నీలం చూడగానే పాలపిట్ట అనుకునేవాళ్ళు చాలామంది. లకుముకి ముక్కు ఎర్రగా, పొడుగ్గా, ఒంటికి మించి పెద్దగా ఉంటుంది, గొంతూ రొమ్మూ తెల్లగా ఉంటాయి. పాలపిట్టది నల్లటి ముక్కు, తల పెద్దది. ఈ రెండింటి తేడా పట్టుకున్న పిల్లవాడికి సగం విద్య వచ్చినట్టే.

పేర్ల కోసం ముందు ఇంట్లో జేజినో, అవ్వనో, తాతనో అడగండి. పశువుల వీపు మీద కూర్చునే నల్లటి చీలిన తోక పిట్టను పసులపోలిగాడు అంటారు. రాత్రి కరెంటు స్తంభం మీద కళ్ళు మిటకరించే చిన్న గుడ్లగూబ పైడికంటె. పొలంలో మనిషిని చూడగానే గోల చేసే పొడుగుకాళ్ళ పిట్ట తీతువు. ఇంగ్లీషు పేరు ఆ తర్వాత నేర్చుకోవచ్చు. ‘మెర్లిన్’ అనే ఉచిత యాప్ కూత విని పేరు చెబుతుంది. అది అప్పుడప్పుడు తప్పు చెబుతుంది, అందుకని పిట్ట కంటికి కనిపించాకే రాయమనండి.

రాయడానికి ఒక పద్ధతి ఉంది. తేదీ, చోటు, మొదలుపెట్టిన సమయం, ఎన్ని నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో కనిపించిన ప్రతి పిట్ట పేరు, ఎన్ని కనిపించాయో ఆ అంకె. కాకుల్నీ, పావురాల్నీ కూడా రాయాలి. ‘కాకిని రాసేదేముంది’ అని పిల్లలు అంటారు. అందరూ వింత పిట్టల్నే రాస్తే మామూలు పిట్ట తగ్గిపోతున్న సంగతి ఎవరికీ తెలియదు.

ఒక లెక్క చూడండి. మీ అమ్మాయి ఈ ఏడాది ఒకే దారిలో పన్నెండుసార్లు నడిచిందనీ, తొమ్మిది సార్లు పాలపిట్ట కనిపించిందనీ అనుకుందాం. నూటికి 75. వచ్చే ఏడాది అదే దారిలో పన్నెండుసార్లు నడిస్తే నాలుగు సార్లే కనిపించిందనుకుందాం. నూటికి 33. ఏడో తరగతి శాతాలు ఇవి. పెద్ద నివేదికల్లోనూ మూలసూత్రం దాదాపు ఇదే: జాబితాల్లో ఎన్నింటిలో ఆ పక్షి ఉంది, అది ఏటేటా ఎలా మారుతోంది అని చూస్తారు. పిట్ట కనిపించని రోజు పెట్టిన సున్నకు కూడా అందుకే అంత విలువ.

ఈ లెక్కలు ఎందుకు అవసరమో తెలియాలంటే దూరం పోనక్కర్లేదు, మన జిల్లాలోనే రోళ్ళపాడు ఉంది. మిడుతూరు మండలంలోని ఈ గడ్డిమైదానాన్ని 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 614 హెక్టార్లు. బట్టమేక పిట్ట కోసమే దాన్ని ఏర్పాటు చేశారు. మీటరు ఎత్తు, పదిహేను కిలోల దాకా బరువు ఉండే ఈ పక్షి, ప్రపంచంలో ఎగరగలిగే అతి బరువైన పక్షుల్లో ఒకటి. సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ నేల మీదే పెడుతుంది. జాతీయ పక్షిగా దీన్ని పెట్టాలని పక్షి శాస్త్రవేత్త సలీం అలీ అభిప్రాయపడ్డారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు రోళ్ళపాడులో ఏళ్ళ తరబడి మకాం వేసి బట్టమేకను అధ్యయనం చేశారు. మీలో చాలామంది అప్పుడు బడికి వెళ్తున్న వయసు. ఈమధ్య ఏళ్ళలో అక్కడ బట్టమేక కనిపించడం లేదు. దేశం మొత్తం మీద నూట యాభై లోపే మిగిలాయి, వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లో ఉన్నాయి. జైసల్మేర్ దగ్గర కేంద్రాల్లో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. కారణం ఒకటని చెప్పలేం. గడ్డి బీళ్ళు తగ్గాయి. మెట్ట పైర్ల చోట నీటి పైర్లు వచ్చాయి. బట్టమేకకు ఎదుటి చూపు తక్కువ, ఎగురుతూ హైటెన్షన్ తీగలకు తగులుకుని చస్తుంది. కాలువ నీళ్ళు రావడం రైతుకు తప్పు కాదు, ఆ నీళ్ళ కోసం మన పెద్దలు ఎంత ఎదురుచూశారో మనకు తెలుసు. కానీ పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు రెండు వైపులా చెప్పాలి. రోళ్ళపాడుకు వెళ్తే ఇప్పటికీ కృష్ణజింకలు కనిపిస్తాయి. చలికాలం సాయంత్రాలు మధ్య ఆసియా నుంచి వచ్చే పిల్లిగద్దలు గడ్డిలో రాత్రి మకాం కోసం దిగుతాయి. పగలు శనగ, జొన్న చేల మీద తక్కువ ఎత్తులో తేలుతూ మిడతల్ని పట్టుకుని తింటాయి.

ఆళ్ళగడ్డ తల్లిదండ్రులకు దక్షిణం వైపు ఇంకో కథ ఉంది. చాగలమర్రి, మైదుకూరు దాటి వెళ్తే కడప జిల్లా లంకమల అడవులు వస్తాయి. అక్కడి కలివికోడి 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనిపించలేదు, ఇక లేదనే అనుకున్నారు. పరిశోధకుడు భరత్ భూషణ్ ఊళ్ళలో బొమ్మ చూపించి అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో ఒక రాత్రి ఐతన్న అనే స్థానిక వేటగాడు టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. శాస్త్రం చచ్చిపోయిందనుకున్న పిట్టకు ఊళ్ళో పేరుంది, అది ఎక్కడ తిరుగుతుందో తెలిసిన మనిషి ఉన్నాడు. తర్వాత లంకమలను అభయారణ్యం చేశారు. ఈ పిట్ట కోసమే తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చారు. పిల్లలకు సైంటిస్టు పేరుతోపాటు ఐతన్న పేరూ చెప్పండి.

మన దగ్గర ఏ కాలంలో ఎటు వెళ్ళాలో కొంచెం చెబుతాం. తొలకరి నుంచి దసరా దాకా గిజిగాడి గూళ్ళ కాలం. బావుల మీదికి వంగిన తుమ్మలకు, ఈత చెట్లకు వేలాడుతుంటాయి. మగది సగం అల్లి ఆగుతుంది, ఆడది వచ్చి చూసి నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. ఇదంతా గట్టున కూర్చుని చూడవచ్చు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నీళ్ళ దగ్గరికి వెళ్ళండి. నంద్యాలవాళ్ళకు కుందూ గట్లు, కేసీ కాలువ ఉన్నాయి, ఓపిక ఉంటే వెలుగోడు రిజర్వాయర్. ఆళ్ళగడ్డవాళ్ళకు వక్కిలేరు. చలికాలంలో జొన్నచేల మీద గులాబీ గోరింకలు గుంపులుగా వాలతాయి. ఎండాకాలంలో మహానంది చెట్ల నీడ బాగుంటుంది, తెల్లటి రిబ్బన్‌లాంటి తోకతో తోకపిగిలి పిట్ట కనిపించవచ్చు. అహోబిలం వెళ్ళేవాళ్ళు పిల్లల్ని దారి దాటనివ్వకండి. అది నల్లమల పులుల అడవి, అటవీశాఖ అనుమతి ఉన్నచోటే నడవాలి. పిట్టల విషయానికొస్తే అక్కడ తొందరపడితే ఏమీ కనిపించదు. ఒకచోట అరగంట కదలకుండా నిలబడితే అడవే మీ దగ్గరికి వస్తుంది.

గూటి దగ్గరికి పోవడం, గుడ్లు ముట్టుకోవడం, ఫోన్‌లో కూత పెట్టి పిట్టను పిలవడం చేయనివ్వకండి. తల్లి పక్షి గూడు వదిలేసే ప్రమాదం ఉంది.

నవంబరు 12 సలీం అలీ పుట్టినరోజు, ఆయన 1896లో పుట్టారు. ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు ప్రపంచమంతా ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది. మన దేశం 2013 నుంచి అందులో పాల్గొంటోంది, స్కూళ్ళు, కాలేజీల ఆవరణల్లో లెక్కించడానికి ‘క్యాంపస్ బర్డ్ కౌంట్’ కూడా ఉంది. ఇప్పుడు మొదలుపెడితే ఫిబ్రవరి నాటికి మీ పిల్లలకు ముప్పై పిట్టలైనా గుర్తుపట్టడం వస్తుంది.

దసరా నాడు కొన్నిచోట్ల పంజరంలో పాలపిట్టను పెట్టుకుని చూపించి డబ్బులు అడుగుతుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం. డబ్బులివ్వకండి, ఎందుకివ్వలేదో పిల్లలకు అక్కడే చెప్పండి. ఆ పొద్దున ఊరి బయట పొలాల వెంట పదిహేను నిమిషాలు నడిచి, కనిపిస్తే ఎన్నో, కనిపించకపోతే సున్న అని తేదీ వేసి రాయించండి. సెలవులయ్యాక ఆ కాగితాన్ని క్లాస్ టీచర్‌కు పంపండి. వెనకవైపు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన పిట్టల పేర్లు కూడా రాయించండి.