కర్ణనాదం – మాజీ సైనికుల చెవిలో హోరు

బయట ఏ శబ్దమూ లేకున్నా చెవిలో హోరు, ఈల, కీచురాయి కూత వంటి ధ్వని వినబడటాన్ని ఆయుర్వేదం కర్ణనాదమని వ్యవహరించింది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం 20వ అధ్యాయం 28 కర్ణరోగాలను పేర్కొంటూ, శబ్దాన్ని మోసే సిరలలో వాయువు చేరితే భేరి, మృదంగం, శంఖం వంటి ధ్వనులు వినవస్తాయని వివరించింది. వేణునాదం వంటి ధ్వని వినబడితే దానిని కర్ణక్ష్వేడమని వేరుగా చెప్పింది. వృద్ధాప్యం, చెవిలో గులిమి, రక్తపోటు, కొన్ని మందులు కూడా ఈ బాధకు కారణాలే. అయితే ఈ పాఠంలో ఒకే కారణాన్ని విచారిద్దాం. అది తుపాకుల, ఫిరంగుల మోత.

మన గోదావరి మండలానికి ఇది పరాయి విషయం కాదు. తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం గ్రామం నుండి రెండు ప్రపంచ యుద్ధాలకూ ఎందరో సైనికులు తరలివెళ్లారు. అందుకే ఆ ఊరికి మిలిటరీ మాధవరమన్న పేరు స్థిరపడింది. ద్రాక్షారామం పరిసర గ్రామాలలోనూ సైన్యంలో పనిచేసి వచ్చినవారున్నారు. 1999 కార్గిల్ యుద్ధంలో బోఫోర్స్ శతఘ్నుల వద్ద నిలిచిన తరంవారు ఇప్పుడు నడివయస్సు దాటుతున్నారు. వయస్సుతో వచ్చే వినికిడి లోపం, పాత మోత చేసిన గాయం ఇప్పుడు ఒకదానికొకటి తోడవుతాయి.

హాని ఎలా జరుగుతుంది?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగంలో సుమారు 15 వేల సూక్ష్మ రోమకణాలుంటాయి. శబ్ద తరంగాలను నాడీ సంకేతాలుగా మార్చడంలో ఇవే ముఖ్యం. 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ల తరబడి విన్నా ఈ కణాలు దెబ్బతినవచ్చు. రైఫిల్ పేలుడు 140 డెసిబెళ్లు దాటుతుంది. ఫిరంగి మోత అంతకన్నా అధికం. ఒకసారి నశించిన రోమకణం మానవులలో తిరిగి పుట్టదు. మొదట పోయేది హెచ్చు స్థాయి ధ్వనుల వినికిడి. అందుచేత మగవారి మాట వినబడినా మనవరాలి మాట అర్థం కాదు. టీవీ శబ్దం పెంచమంటారు. లోపలికి రావలసిన ధ్వని తగ్గినప్పుడు మెదడు తానే ఒక నాదాన్ని కల్పించుకుంటుందని ఆధునికులు భావిస్తున్నారు.

ఇక్కడ వైద్యుడు దాచకుండా చెప్పవలసిన మాట ఒకటుంది. నశించిన రోమకణాలను ఏ తైలమూ, ఏ గుళికా తిరిగి మొలిపించలేవు. చికిత్స వలన నిద్ర కుదురుతుంది, మనస్సు నెమ్మదిస్తుంది, హోరు మీద ధ్యాస తగ్గుతుంది. బాధితునికి అది చిన్న లాభం కాదు.

ఇంట్లో చేయదగినవి

1. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో తలకు, అరికాళ్లకు మృదువుగా మర్దన చేయాలి. వాతశమనానికి, నిద్రకు ఇది మేలు.

2. కర్ణరోగాలన్నింటిలోనూ ఘృతపానం, రసాయన సేవనం, అతి శ్రమను మానడం, మితభాషణం సుశ్రుతుడు చెప్పిన సామాన్య నియమాలు. భోజనంలో తగుమాత్రం నెయ్యి వేసుకోవచ్చు. మధుమేహం, హృద్రోగం ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగిన తరువాతనే వాడాలి.

3. రాత్రి జాగరణ, అతిగా ఉపవాసాలు, వగరు, ఎండు పదార్థాలు వాతాన్ని పెంచుతాయి. కాఫీ, టీ, పొగాకు, మద్యం తగ్గించాలి.

4. పూర్తి నిశ్శబ్దంలో హోరు హెచ్చుగా తోస్తుంది. పడకగదిలో ఫ్యాను చప్పుడో, సన్నగా రేడియో పాటో ఉండనివ్వండి. వినికిడి తగ్గినవారికి చెవి యంత్రం అమర్చితే చాలామందిలో హోరు కూడా మరుగున పడుతుంది.

చేయరానివి

వెల్లుల్లి కాచిన నూనెను చెవిలో పోయడం మన ఇళ్లలో వాడుక. పేలుడు వలన కర్ణభేరికి చిల్లు పడి ఉండవచ్చు. చీము ఉండవచ్చు. అటువంటి చెవిలో ఏ నూనె పోసినా కీడే. ఉత్తరేణి క్షారంతో చేసే అపామార్గ క్షార తైలం, సారివాది వటి శాస్త్రోక్తమైన ఔషధాలే అయినా, చెవిని పరీక్షించిన వైద్యుడు చెప్పినప్పుడే వాడదగినవి. హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, నాడితో సమంగా కొట్టుకుంటున్నా, తల తిరుగుతున్నా చెవి వైద్యుని వద్దకు వెళ్లాలి. హఠాత్తుగా వినికిడి తగ్గితే ఆ రోజే వెళ్లాలి.

కాగితం కూడా చికిత్సలో భాగమే

మా వైద్యశాలకు వచ్చే ఒక విశ్రాంత హవల్దారు శతఘ్ని దళంలో పనిచేశారు. సైన్యంలో ఆరోగ్యాన్ని 'షేప్' అనే వర్గీకరణతో నిర్ణయిస్తారు. అందులో 'హెచ్' అక్షరం వినికిడిది. ఆ వర్గం తగ్గితే పదోన్నతి పోతుందని ఆయన భయం. సెలవుపై వచ్చినప్పుడల్లా ఇంట్లో చెవికి నూనె పోయించుకుని వెళ్లేవారు. సైనిక వైద్యునికి ఒక్కసారీ చెప్పలేదు. విడుదల సమయంలో బాధ ఏమీ లేదని సంతకం చేశారు. నేడు వైకల్య పింఛనుకై అర్జీ పెట్టదలచితే చూపడానికి ఒక్క కాగితమూ లేదు. గృహవైద్యం తప్పు కాదు. దాని చాటున రోగాన్ని దాచడమే నష్టం కలిగించింది.

వైకల్య పింఛనుకు సాధారణంగా రెండు విషయాలు తేలాలి: వైకల్యం సైనిక సేవ వలన కలిగిందని గానీ హెచ్చిందని గానీ, దాని పరిమాణం 20 శాతానికి తగ్గదని. సేవలో చేరిన నాడు నమోదు కాని వ్యాధి తరువాత కనబడితే అది సేవలోనే కలిగిందని భావించాలనీ, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదేననీ ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. అది 1982 నాటి నిబంధనలపై వచ్చిన తీర్పు. 2023 సెప్టెంబరు 21 నుండి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. కనుక తాము విడుదలైన తేదీకి ఏ నిబంధనలు వర్తిస్తాయో మొదట తెలుసుకోవాలి. అమెరికాలో మాజీ సైనికులు పొందే వైకల్య పరిహారాలలో సంఖ్యలో మొదటిది కర్ణనాదమే. అక్కడ దానికి 10 శాతం నిర్ణయించారు. మన దేశంలో వినికిడి పరీక్ష ఫలితానికే ప్రాధాన్యం. హోరు యంత్రానికి దొరకదు, వినికిడి లోపం దొరుకుతుంది. కాబట్టి:

- సేవలో ఉన్నవారు హోరు మొదలైన వెంటనే సైనిక వైద్యునికి చెప్పి నమోదు చేయించాలి. ఏ ఫైరింగు తరువాత, ఏ తేదీన మొదలైందో చెప్పాలి.

- విడుదల వైద్య మండలి ముందు సంతకం చేసే ముందు ఆడియోగ్రామ్ తీయించమని కోరాలి.

- విడుదలైనవారు తమ వైద్య పత్రాల నకలును రికార్డు కార్యాలయం నుండి కోరవచ్చు. అవసరమైతే 2005 సమాచార హక్కు చట్టం క్రింద అడగవచ్చు.

- అర్జీ తిరస్కరిస్తే ఆ లేఖలో చూపిన గడువులోగా అప్పీలు చేయాలి. అక్కడా న్యాయం దొరకకుంటే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. మన రాష్ట్రం చెన్నై ధర్మాసనం పరిధిలోనిది. దారి తెలియనివారికి కాకినాడలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం తోడ్పడుతుంది.

గృహిణులకు ఒక మనవి. "ఆయనకు వినబడదు, చెబితే విసుక్కుంటారు" అని ఊరుకోకండి. ఆ విసుగు వెనుక నిద్రలేని రాత్రులుండవచ్చు. ఈ వారంలోనే వినికిడి పరీక్ష చేయించి, ఆ చీటీని పాత సైనిక పత్రాలతో కలిపి భద్రపరచండి. అరికాళ్ల మర్దన మాత్రం ఈ రాత్రి నుండే ఆరంభించవచ్చు.