పాత మోటారుకార్ల స్పార్కుప్లగ్గులు: వానిని విప్పుటకు తగిన పానా

మన సంఘ సభ్యులలో కొందరి యొద్ద అంబాసిడరు కారుగాని, మారుతి 800 కారుగాని నేటికిని వాడుకలో నున్నది. ఈ రెండింటి తయారీయు 2014లో నిలిచిపోయినది. కావున ఉన్న బండిని చెడకుండ కాపాడుకొనుటయే లాభము. స్పార్కుప్లగ్గును విప్పుట చిన్నపనియే. కాని తగని పానా పట్టినచో అర్ధరూపాయి పనికి ఇంజను హెడ్డునే దింపవలసివచ్చును. అందువలన ఈ పాఠమును వ్రాయుచున్నాము.

డీజిలు ఇంజనునకు స్పార్కుప్లగ్గు లుండవు. అంబాసిడరులో పెట్రోలుబండియు, డీజిలుబండియు కలవు. మేము చెప్పునది పెట్రోలుబండికి మాత్రమే వర్తించును.

1. కొలత. ప్లగ్గునకు రెండు కొలతలు కలవు: హెడ్డులోనికి దిగు మర యొక్క లావు, పానా పట్టు ఆరుపలకల తల వెడల్పు. పానాకు కావలసినది రెండవ కొలత. పై రెండు కార్లకును మర 14 మి.మీ.; తల 20.8 మి.మీ., అనగా 13/16 అంగుళము. అంగడిలో 21 నెంబరు ప్లగ్గుపానా అని అడుగవలెను. పైరుపై మందు చల్లు పవరుస్ప్రేయరు ప్లగ్గునకు మర 14 మి.మీ.యే యైనను, తల సాధారణముగా 19 మి.మీ. యుండును. కొత్తకార్లలో పెక్కింటికి 16 మి.మీ. తల కలదు. మర ఒకటియే గదా యని ఒక పానాతో అన్నిటిని విప్పబోరాదు. వదులు పానా పలకలను అరుగదీయును.

2. రకము. గొట్టమువలె లోతుగానుండి, ప్లగ్గును నిలువున కప్పు పానాయే తగినది. లోపల రబ్బరు పట్టు ఉన్నచో పింగాణికి దెబ్బ తగులదు. విప్పిన ప్లగ్గు జారిపడక పైకివచ్చును. నోరు పెద్దది చిన్నది చేసికొను పానాయు, పట్టుకారును పనికిరావు. అవి ప్రక్కకు ఒరిగి పింగాణిని విరుచును.

3. విప్పు విధము. ఇంజను పూర్తిగా చల్లారవలెను. మారుతి హెడ్డు అల్యూమినియముది. వేడిలో విప్పినచో మరలు చిరుగును. అంబాసిడరు హెడ్డు ఏ లోహముదైనను, చల్లారనిచ్చుటయే మేలు. తీగలకు వరుసగా గుర్తులుకట్టి, తీగను లాగక టోపీని పట్టి ఊడదీయవలెను. తరువాత ప్లగ్గు చుట్టునున్న దుమ్మును గాలితో ఊదివేయవలెను. బాపట్ల యిసుకగాని, తెనాలి నల్లరేగడి దుమ్ముగాని సిలిండరులో పడినచో గోడలను గీరివేయును.

పిమ్మట పానాను నిటారుగా దింపి ఎడమకు త్రిప్పవలెను. రేపల్లె, బాపట్ల తీరగ్రామములలో ఉప్పుగాలివలన ప్లగ్గు తుప్పుపట్టి బిగియవచ్చును. అపుడు పిడికి గొట్టము తొడిగి బలవంతము చేయరాదు. మర మొదట తుప్పు వదల్చు నూనె పోసి, కొంతసేపు నానబెట్టి, కొద్దిగా ఎడమకు, మరల కుడికి త్రిప్పుచు వదలింపవలెను. గోటితో పోవు దానికి గొడ్డలి యెందుకు?

4. బిగించు విధము. మొదట చేతివ్రేళ్లతోనే త్రిప్పవలెను. నాలుగు చుట్లు సులభముగా దిగనిచో మర వంకరగా పట్టినదని యెరిగి, తీసి మరల పెట్టవలెను. వ్రేళ్లతో ఆనిన పిదప, వాషరుగల కొత్త ప్లగ్గును పానాతో అరచుట్టు, లేక దానికి స్వల్పముగా పైన త్రిప్పిన చాలును. వాడిన ప్లగ్గునకు అంతకంటె చాల తక్కువ చాలును.

ఒక్కొక్కరు కొనలేనిచో, 16, 19, 21 నెంబరుల గొట్టపుపానాలు మూడింటిని సంఘమే కొని కార్యాలయమున నుంచుట మంచిది. కోతలనాడు బండి మూలబడినచో కలుగు నష్టముతో పోల్చిన, ఈ పానాల వెల స్వల్పము.