ఆయిల్ లీకు ఆగకపోతే బిల్లు ఎవరి నెత్తిన?

పదిపన్నెండేళ్లు నడిచిన కారు కింద పొద్దున్నే నల్లటి మరక కనబడితే చాలామంది చేసే పని ఒకటే. షెడ్డుకు తీసుకెళ్లి, "ఆయిల్ కారుతోంది, చూడు" అని తాళం మెకానిక్ చేతిలో పెట్టి వచ్చేస్తారు. ఆయన కిందికి దూరి చూస్తే చాంబరంతా తడిగా ఉంటుంది. చాంబర్ ప్యాకింగ్ పోయిందని మార్చేస్తాడు. పది రోజులకు మళ్లీ మరక. ఈసారి క్రాంక్ ఆయిల్ సీల్ అంటాడు. ఆ సీలు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. సీలు ఖరీదు కంటే మజూరీ ఎన్నో రెట్లు అవుతుంది. అదీ అయ్యాక మరక అలాగే ఉంటుంది. రెండుసార్లు కట్టిన డబ్బు వెనక్కి అడగొచ్చా అన్న ప్రశ్న యజమానికి అప్పుడు పుడుతుంది.

అడగొచ్చు. అయితే లీకు ఆగలేదన్న ఒక్క మాట మీద కేసు నిలబడదు. పాత ఇంజిన్‌లో ప్యాకింగులు, రబ్బరు సీళ్లు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి పగులుతాయి. ఒకచోట మూస్తే కొన్నాళ్లకు ఇంకోచోట తడి రావడం మామూలే. చట్టం చూసేది పని ఎలా జరిగిందన్నది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) సేవాలోపాన్ని నిర్వచిస్తూ, ఒప్పుకున్న పనిలో నాణ్యత తగ్గడంతో పాటు మరో రెండు మాటలు చేర్చింది. ఒకటి, నష్టం కలిగించిన నిర్లక్ష్యం. రెండోది, చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం. లీకు ఎక్కడినుంచో చూడకుండానే గేర్‌బాక్స్ దించితే మొదటిది వర్తించే అవకాశం ఉంది. "ఇది ఆగుతుందని గ్యారంటీ లేదు" అని తెలిసీ చెప్పకపోతే రెండోది వర్తిస్తుంది. వెతికి చూసి, అనుమానం ఎక్కడో చెప్పి, యజమాని ఒప్పుకున్నాకే పని చేసిన మెకానిక్‌ను, ఫలితం రాలేదన్న కారణంతో తప్పుపట్టడం కష్టం. అలా తప్పుపట్టడం న్యాయం కూడా కాదు.

అందుకే లీకును వెతికే పద్ధతి యజమానికి కొంత తెలిసి ఉండాలి. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది. బండి నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. కాబట్టి చుక్క రాలే చోటుకూ లీకు పుట్టే చోటుకూ చాలాసార్లు సంబంధం ఉండదు. టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర మొదలైన ఆయిల్ ఇంజిన్ గోడ వెంట దిగి చాంబర్ అంచుకు చేరుతుంది. అక్కణ్నుంచి వెనక్కి పాకితే క్రాంక్ సీల్ పోయినట్టే కనిపిస్తుంది. పాత పెట్రోల్ బళ్లలో డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగ్, అన్ని బళ్లలోనూ ఆయిల్ ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ బోల్టు వాషరు ఇలాగే మోసం చేస్తాయి. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతే, దాని మీద కొత్తది బిగించినా లీకు తప్పదు.

సరైన వరుస ఇది. ముందు ఇంజిన్‌ను శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. కొంతదూరం నడిపి, లిఫ్టు మీద ఎక్కించి, తడి కనిపించినవాటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న చోటును వెతకాలి. అయినా తేలకపోతే ఆయిల్‌లో యూవీ డై కలిపి, బండి నడిపి, యూవీ టార్చి వేసి చూస్తారు. ఆయిల్ పుట్టిన దారి పసుపుపచ్చగా మెరుస్తుంది. బ్రీదర్‌నూ పీసీవీ వాల్వునూ విప్పి చూడాలి. ఇది చాలా షెడ్లలో మరిచిపోయే పని. బ్రీదర్ మూసుకుపోతే ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారిలేక ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ను తోస్తుంది. అలాంటప్పుడు ఎన్ని కొత్త సీళ్లు వేసినా కొన్నాళ్లకు మళ్లీ తడే. మూడుసార్లు సీలు మార్చి ఒక్కసారి కూడా బ్రీదర్ చూడలేదని రికార్డుల్లో తేలితే, నిర్లక్ష్యం జరిగిందనే వాదనకు మంచి బలం వస్తుంది.

ఇక్కడ జాబ్ కార్డు కీలకమవుతుంది. "చాంబర్ ప్యాకింగ్ మార్చాలి" అని రాసి ఉంటే, మెకానిక్ మార్చాడు, పని అయిపోయింది. ఏ భాగం మార్చాలో యజమానే చెప్పినట్టు లెక్క. దానికి బదులు "ఇంజిన్ ఆయిల్ కారుతోంది, ఎక్కడినుంచో కనిపెట్టి, యజమానికి చెప్పి, ఆపాలి" అని రాయిస్తే, వెతికే బాధ్యత కూడా ఒప్పందంలోకి వస్తుంది. చిన్న షెడ్డులో జాబ్ కార్డు ఉండదు. అక్కడ ఇదే మాటను వాట్సాప్‌లో పంపి, "సరే" అన్న జవాబు దాచుకుంటే సాక్ష్యంగా పనికొస్తుంది. బండి ఇచ్చే ముందు కిలోమీటర్ల రీడింగు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం, తడి ఉన్న చోట్లు ఫొటో తీయాలి. పని అయ్యాక మార్చిన పాత ప్యాకింగు, పాత సీలు అడిగి తెచ్చుకోవాలి. నిజంగా మార్చారా లేదా అన్న తగాదా వస్తే అవే మాట్లాడతాయి.

సాక్ష్యం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. సేవలో లోపం ఉందని నిరూపించే భారం ఫిర్యాదుదారుడిదేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా, డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో స్పష్టంగా చెప్పింది. మరో షెడ్డులో చూపించి, లీకు అసలు ఎక్కడుందో, మొదటి షెడ్డు చేసిన పని దానికి అవసరమో కాదో రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. అయితే ఆ రెండో మెకానిక్ బండిని విప్పకముందే మొదటి షెడ్డుకు ఉత్తరమో ఈమెయిలో పంపి, వచ్చి చూసుకోవడానికి గడువు ఇవ్వాలి. లేకపోతే "మా పనిని వాళ్లు చెడగొట్టారు" అన్న జవాబు వస్తుంది, దాన్ని కాదనడం కష్టమవుతుంది.

బిల్లు ఇవ్వకపోవడం దానికదే అనుచిత వ్యాపార పద్ధతి అని సెక్షన్ 2(47) చెబుతోంది. "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది" అని బెదిరించే చోట ఈ సంగతి గుర్తుండాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న మెకానిక్ జీఎస్టీ వేయలేడు, వేయకూడదు. ఏ పనికి ఎంత తీసుకున్నాడో తేదీ వేసి రసీదు మాత్రం ఇవ్వాలి. స్పేరు ధర, మజూరీ వేర్వేరుగా రాయించుకోవడం మేలు.

గొడవ ముదిరినప్పుడు చాలామంది పొరపాటు పడే చోటు ఇంకొకటి ఉంది. బిల్లు కట్టేదాకా బండి ఇవ్వమని షెడ్డు యజమాని పట్టుబట్టొచ్చా? పట్టుబట్టొచ్చు. కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 170 ప్రకారం, అప్పగించిన వస్తువు మీద శ్రమో నైపుణ్యమో పెట్టి పని చేసినవాడు కూలి అందేదాకా దాన్ని తన దగ్గర ఉంచుకోవచ్చు. సానబెట్టమని నగల వర్తకుడికి ఇచ్చిన ముడి వజ్రాన్ని చట్టమే ఉదాహరణగా చూపించింది. ఈ హక్కు అప్పగించిన పనికే వర్తిస్తుంది. అడగకుండా చేసిన పనుల పేరుతో బండి ఆపితే అభ్యంతరం చెప్పొచ్చు. రెండో తాళంతో వచ్చి బండి తీసుకుపోవడం మాత్రం ప్రమాదం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303లో దీనికి దగ్గరి ఉదాహరణే ఉంది. గడియారం బాగు చేసినవాడు తన బాకీ కింద దాన్ని న్యాయంగా పట్టి ఉంచుకున్నప్పుడు, ఆ హామీ దక్కకుండా చేయాలని సొంతదారే దాన్ని పట్టుకుపోతే దొంగతనం కిందికి వస్తుంది. కాబట్టి బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, ఫొటో తీసుకుని, డబ్బు కట్టి బండి తెచ్చుకోవడం క్షేమం. తర్వాత కేసు వేయడానికి ఆ చెల్లింపు అడ్డు కాదు.

కారు ఈమధ్యే కొన్న సెకండ్ హ్యాండ్‌దైతే లెక్క వేరు. అమ్మే ముందు ఇంజిన్‌ను తళతళలాడేలా కడిగించి లీకును కప్పిపుచ్చారని తేలితే, తెలిసిన నిజాన్ని పనిగట్టుకుని దాచడం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 కింద మోసమే. అమ్మినవారు పాత కార్ల డీలరైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఇలాంటి డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కొనే ముందు దాన్ని చూపించమనాలి. పక్కింటాయన సొంత కారు అమ్మితే ఆయన వ్యాపారి కాడు, ఆ తగాదా సివిల్ కోర్టుకు పోతుంది.

ట్యాక్సీ నడిపేవారికి ఈ చట్టం వర్తించదన్న అపోహ ఒకటి బలంగా ఉంది. సొంతంగా నడుపుకుని దాని మీదే బతికేవాడు వినియోగదారుడే. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు సొంత జీవనోపాధికీ వ్యాపారానికీ ఉన్న తేడాను వివరించింది. పది బళ్లు పెట్టి డ్రైవర్లతో నడిపించే యజమానికి ఆ వెసులుబాటు దొరకడం కష్టం.

ఫిర్యాదుకు ముందు 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. విజయవాడలో రిపేరు చేయించినా, యజమాని హైదరాబాద్‌లో ఉంటుంటే హైదరాబాద్‌లోనే కేసు వేయొచ్చు. ఈ సౌకర్యం 2019 చట్టంతో వచ్చింది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. వేసిన స్పేరులోనే లోపముందని, పరీక్షిస్తే తప్ప తేలదని కమిషన్‌కు అనిపిస్తే ల్యాబ్‌కు పంపించే అధికారం దానికి ఉంది. అందుకే ఆ స్పేరును మళ్లీ మార్చాల్సి వస్తే, తీసినదాన్ని చెత్తబుట్టలో వేయకూడదు.

అడిగేది కూడా ఆచితూచి అడగాలి. మారుతీ ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు 2006లో, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చడం వరకేనని, అందుకోసం కారు మొత్తం మార్చమనడం సరికాదని తీర్పు చెప్పింది. ఆయిల్ లీకు కేసులోనూ కొత్త ఇంజిన్ కావాలనడం కన్నా, అనవసరంగా చేసిన పనికి తీసుకున్న మజూరీ, స్పేర్ల ఖర్చు, లీకు వల్ల క్లచ్ ప్లేటో టైమింగ్ బెల్టో తడిసి పాడై ఉంటే దాని ఖర్చు, వడ్డీ, కేసు ఖర్చులు లెక్కకట్టి అడిగితే నిలబడుతుంది. ఆయిల్ మట్టం పడిపోతోందని తెలిసీ బండి నడిపి ఇంజిన్ పట్టేసుకుంటే, ఆ నష్టాన్ని షెడ్డు మీద వేయడం సాధ్యపడదు.

కమిషన్ ఆదేశాన్ని పాటించకపోతే సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. లాయరు సాయం కావాలనుకునే మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. ఫిర్యాదు వేయడానికి గడువు, కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. "వచ్చే వారం చూద్దాం తీసుకురండి" అన్న మాటలు నమ్ముకుంటూ ఆ రెండేళ్లు దాటనివ్వకండి.