గీతలు పడే ప్రింటరు: మరమ్మతా, మార్పిడా?

ప్రశ్న: ఇంటి ఇంక్‌జెట్ ప్రింటరు కొన్ని నెలలు మూలన పడి ఉన్నాక కాగితంపై తెల్లగీతలు వదులుతోంది. బాగు చేయించడమా, కొత్తది కొనడమా?
– ఒక పాఠకుడు, జహనుమా, హైదరాబాదు

జవాబు: ఈ నిర్ణయం ప్రింట్‌హెడ్, అంటే సిరాను అతిసూక్ష్మ రంధ్రాల గుండా కాగితంపైకి చిమ్మే భాగం, ఎక్కడ ఉన్నదన్న దానిపైనే ప్రధానంగా ఆధారపడుతుంది. హెచ్‌పీ చవక నమూనాలు అనేకంలో అది కార్ట్రిడ్జిలోనే ఇమిడి ఉంటుంది గనుక కార్ట్రిడ్జి మారిస్తే హెడ్డు కూడా మారినట్లే. ఎప్సన్ యంత్రాలలో మాత్రం, విద్యుత్తు సోకగానే వంగే పీజో పలకలతో పనిచేసే ఆ భాగం యంత్రానికే బిగించి ఉండటం వల్ల, దానిని మార్చే ఖర్చు ఒక్కోసారి కొత్త ప్రింటరు ధరకు చేరువవుతుంది.

హైదరాబాదు ఎండలకు, వాడని యంత్రంలో సిరా ఎండి రంధ్రాలు పూడుకోవడం సహజమే కాబట్టి, ముందుగా ప్రింటరు మెనూలోని హెడ్ క్లీనింగ్‌ను రెండు మూడు సార్లు నడిపి, కొన్ని గంటలు ఆగి మళ్లీ చూడాలి. అదేపనిగా నడిపితే సిరా వృథా కావడమే కాక, ఆ సిరాను పీల్చుకునే వేస్ట్ ఇంక్ ప్యాడ్ నిండి యంత్రం మొరాయిస్తుంది. అప్పటికీ గీతలు పోకుంటే, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట ఖర్చు ముందే అడిగి, అది కొత్తదాని ధరలో సగం దాటితే మరమ్మతు మానుకోవడమే సమంజసం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల పరిధిలోకి ప్రింటర్లు, కార్ట్రిడ్జిలు కూడా వస్తాయి కనుక పాతదానిని చెత్తకుండీలో వేయక నమోదైన రీసైక్లరుకు అప్పగించాలి.