మలేరియా చంద్రవంక – దాని లోపలి పంజరం

మన జువాలజీ ప్రయోగశాలలో మలేరియా స్లైడును చూడని విద్యార్థి ఉండడు. ఊదారంగు చుక్కల మధ్య ఎక్కడో ఒకచోట చంద్రవంక లాంటి రూపం కనిపిస్తుంది. దాన్ని రికార్డులో గీసి, కింద “ప్లాస్మోడియం ఫాల్సిపారం – గామిటోసైట్” అని రాసి, లెక్చరరు గారి సంతకం పెట్టించుకుని బయటపడతాం. కాని ఒక ప్రశ్న మాత్రం ఎవ్వరమూ అడగం. ఎముక లేదు, కండ లేదు, ఉన్నదంతా ఒకే ఒక్క కణం. అటువంటి జీవి నీటిబొట్టులా గుండ్రంగా ఉండక, కొడవలిలా వంగి ఎలా నిలబడింది?

ఈ ప్రశ్న వెంట పోతే అది నన్ను ముందు సికింద్రాబాదుకు తీసుకుపోయి, చివరకు రేణిగుంట దగ్గర మా చెనిక్కాయ చేలోకే తెచ్చి వదిలింది.

సికింద్రాబాదులో కనిపించిన వంక

మలేరియా క్రిమిని రోగి రక్తంలో తొలిసారి గుర్తించినవాడు ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్. అది 1880లో, అల్జీరియాలో. అది మనిషి నుంచి మనిషికి ఎలా పోతుందన్నది మాత్రం అప్పటికి తేలలేదు. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఆ పనిమీదే ఉన్నాడు. ఆయన దగ్గరున్న హుస్సేన్ ఖాన్ అనే రోగి రక్తంలో ఈ చంద్రవంకలే ఉండేవి. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా లెక్కన ఇచ్చి అతన్ని దోమలచేత కుట్టించాడు. పంకా విసిరితే దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నాడు. కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క ఐపీసూ పగిలింది. ఆగస్టు 20వ తేదీన ఆ దోమల్లో ఒకదాని కడుపు గోడలో మలేరియా క్రిమి పెరుగుతున్న జాడ దొరికింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. రోగికి జ్వరం తెప్పించే దశ వేరు, దోమకు అంటుకునే దశ వేరు. దోమకు అంటుకునేది ఈ వంకే. జ్వరం తగ్గి కూలిపనికి పోతున్న మనిషి రక్తంలో కూడా ఇవి కొన్ని వారాలు ఉండగలవు. క్లోరోక్విన్ ముదిరిన వంకలను చంపలేదు. ప్రైమాక్విన్ చంపుతుంది. కాని జి-6-పి-డి ఎంజైము లోపం ఉన్నవారిలో ఆ మందు ఎర్ర రక్తకణాలను పగలగొట్టవచ్చు. గర్భిణులకు దాన్ని ఇవ్వరు. కాబట్టి ఈ వంకను దెబ్బ తీయడానికి మరో దారి వెదకాలి. అందుకు దాని లోపల ఏముందో ముందు చూడాలి.

కమాను, సెంట్రింగు

కణం లోపల దానికి ఆకారమిచ్చే ఏర్పాటును కణాస్థిపంజరం అంటారు. అందులో ముఖ్యమైనవి సూక్ష్మనాళికలు. ట్యూబ్యులిన్ అనే ప్రోటీను బిళ్ళలు ఇటుకల్లా పేర్చుకుని తయారయ్యే బోలు గొట్టాలివి. ఉల్లివేరు కొనలో సమవిభజన చూసేటప్పుడు క్రోమోజోములను చెరొకవైపుకు లాగే కండె తంతువులు కూడా ఇవే.

ఫాల్సిపారం గామిటోసైట్ ముదరడానికి సుమారు 10 నుంచి 12 రోజులు పడుతుంది. మొదట గుండ్రంగానే ఉంటుంది. తరువాత పైపొర కింద చదునైన సంచులు పలకల్లా పరుచుకుంటాయి. వాటి కింద సూక్ష్మనాళికలు వాసాల్లా వరుసగా చేరతాయి. కణం పొడవుగా సాగుతుంది, బిరుసెక్కుతుంది. ఆ రోజుల్లో అది ఎక్కువగా ఎముకల మజ్జలో దాక్కుని ఉంటుంది. బాగా ముదిరాక నాళికలు ఊడిపోతాయి. బిరుసు తగ్గిన కణం రక్తప్రవాహంలోకి వస్తుంది. వంక ఆకారం మాత్రం చెడదు. కమాను కట్టేటప్పుడు కింద సెంట్రింగు పెడతారు, కమాను గట్టిపడ్డాక దాన్ని విప్పేస్తారు. ఇదీ అలాంటిదే.

దోమ కడుపులోకి చేరగానే వంక మళ్ళీ గుండ్రమవుతుంది. ఇరవై నిమిషాలలోపే మగ గామిటోసైట్ నుంచి కొరడాల్లాంటి 8 కణాలు విదిలించుకుని బయటికి వస్తాయి. వాటి కదలికకు ఆధారం కూడా సూక్ష్మనాళికలే. ఆనాడు లావెరాన్ చూసి ఆశ్చర్యపోయింది ఈ కదలికనే.

చూడడం ఎలా?

రాస్‌కు వంక కనిపించింది కాని వాసాలు కనిపించలేదు. ఆ తప్పు ఆయనది కాదు, వెలుతురుది. మామూలు సూక్ష్మదర్శినితో సుమారు 200 నానోమీటర్ల కంటె దగ్గరగా ఉన్న రెండు వస్తువులను విడివిడిగా చూడలేము. సూక్ష్మనాళిక లావు 25 నానోమీటర్లే. ఎంత మంచి కటకం పెట్టినా అవన్నీ కలిసి ఒకే మసకగా కనిపిస్తాయి.

1930ల మొదట్లో పుట్టిన ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఈ హద్దును దాటింది. కాని దానికోసం కణాన్ని అతి పలుచని పొరలుగా కోయాలి. ఉల్లిపాయ చక్రం ఒకటి చూపించి ఉల్లిపాయ మొత్తం ఎలా ఉంటుందో చెప్పమన్నట్టే.

2015లో అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు ఇంకో ఉపాయం పన్నారు. కటకాన్ని పెంచలేకపోతే వస్తువునే పెంచుదాం అన్నారు. కణంలోని ప్రోటీన్లను ఒక జెల్‌కు అతికించి, ఆ జెల్‌కు నీళ్ళు పెడతారు. పసిపిల్లల డైపర్లలో నీటిని పీల్చే పదార్థం జాతిదే ఇదీ. నానిన గింజలా అది అన్ని వైపులకూ సమానంగా ఉబ్బుతుంది. పొడవులో 4 రెట్లు అంటే ఘనపరిమాణంలో 64 రెట్లు! ట్యూబ్యులిన్‌కు మాత్రమే అంటుకునే మెరుపు రంగు వేస్తే, వెలుతురు సూక్ష్మదర్శినిలోనే మలేరియా క్రిమి పంజరం వివరంగా కనిపిస్తుంది.

ఇంకా లోతుగా చూడడానికి కణాన్ని క్షణంలో గడ్డకట్టించి, పలు కోణాల నుంచి ఎలక్ట్రాన్ చిత్రాలు తీసి కలుపుతారు. ఈ పద్ధతిలో 2023లో ఒక విచిత్రం బయటపడింది. మన కణాల్లో ఒక సూక్ష్మనాళిక చుట్టూ సాధారణంగా 13 ట్యూబ్యులిన్ వరుసలుంటాయి. ఈ గామిటోసైట్లలోనైతే 13 నుంచి 18 దాకా ఉన్నాయి. పైగా రెండు మూడు నాళికలు అతుక్కుని కూడా ఉన్నాయి.

మా చేలోని కలుపుమందు

ఇప్పుడు మా చేలోకి వద్దాం. మా వైపు చెనిక్కాయ (వేరుశనగ) విత్తిన ఒకటి రెండు రోజుల్లో, నేల పదునుమీద ఉండగానే పెండిమిథాలిన్ కొడతారు. గడ్డి మొలకెత్తుతూనే చస్తుంది. ఎందుకు చస్తుందని చిన్నప్పుడు మా నాయనను అడిగితే, “మందు కొట్నాం గదరా, సావకేం జేస్తాది!” అన్నాడు. అసలు కారణం కాలేజీకి వచ్చాక తెలిసింది. ఆ మందు గడ్డి వేరుకొనలోని ట్యూబ్యులిన్‌ను పట్టుకుని నాళికలు కట్టుకోకుండా చేస్తుంది. కణవిభజన ఆగిపోతుంది.

ఇదే కుటుంబానికి చెందిన ట్రైఫ్లూరాలిన్, ఒరైజాలిన్ అనే కలుపుమందులు ప్రయోగశాలలో మలేరియా క్రిమి నాళికలను, దాని బంధువైన టాక్సోప్లాస్మా నాళికలను కూడా చెడగొట్టాయి. అదే మోతాదుకు మనిషి ట్యూబ్యులిన్ చెక్కుచెదరలేదు. మన నాళికలను కొద్ది మోతాదుకే విడగొట్టే కోల్చిసిన్‌కు మాత్రం మలేరియా క్రిమి అంత సులభంగా లొంగదు. అంటే ఈ విషయంలో మన రక్తంలో చేరిన శత్రువు మనకంటె మా చేలోని గడ్డికే దగ్గర!

అలాగని కలుపుమందు మలేరియాకు మందు కాదు. అది తాగితే విషమే. పైగా ట్రైఫ్లూరాలిన్ నీటిలో కరగనే కరగదు. ఈ దారిలో రోగికి ఇవ్వదగిన మాత్ర ఇంకా తయారు కాలేదు. కాని ఎక్కడ కొట్టాలో గురి మాత్రం దొరికింది. పంజరాన్ని ఎంత స్పష్టంగా చూడగలిగితే గురి అంత సూటిగా కుదురుతుంది.

మిత్రులారా! ఈసారి ప్రయోగశాలలో ఆ చంద్రవంకను గీసేటప్పుడు గబగబా గీత గీసి రికార్డు మూసెయ్యకండి. దాని లోపలి వాసాలు మన సూక్ష్మదర్శినిలో కనిపించవు. కాని అవి లేకపోతే ఆ వంకా లేదు, దోమకు చేరే దారీ లేదు. పగిలిన ఐపీసుతో రాస్ వంక ఎక్కడికి పోతుందో కనిపెట్టాడు. దాన్ని పోకుండా ఆపే పని మన తరానికి మిగిలింది.